చర్మవ్యాధిలో రక్తనాళాల పాత్ర
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేసి రిటైరయినవాడిని. అయినా ఈ విషయం మాట్లాడటానికి ఒక కారణం ఉంది.

మా పెద్దన్న ఇక్కడే భివండిలో సాంచెలు నడిపేవాడు. ఆయన మోచేతుల మీద ఎర్రని మచ్చలు, వాటిపై తెల్లని పొలుసులు ఉండేవి. పొలుసు ఊడితే సన్నని నెత్తుటి చుక్కలు కనిపించేవి. అంటురోగమని భయపడి ఇంట్లో ఆయన కంచం, గ్లాసు వేరు చేశారు. ఇంట్లో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. నేనూ నోరు విప్పలేదు. చాలా ఏళ్లకు చర్మవ్యాధుల డాక్టరు చూసి, ఇది సోరియాసిస్, ఎవరికీ అంటుకోదు అని చెప్పారు.

మామూలుగా పైచర్మం కొత్తగా తయారు కావడానికి సుమారు నెల పడుతుంది. ఈ జబ్బులో శరీర రక్షణ వ్యవస్థ అకారణంగా రెచ్చిపోవడం వల్ల ఆ పని కొద్ది రోజుల్లోనే జరుగుతుంది. అంత వేగంగా పెరిగే కణాలకు ఆహారం, ప్రాణవాయువు ఎక్కువ కావాలి. అందుకని అవి వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. దానితో కింద ఉన్న సన్నని రక్తనాళాలు సాగి, మెలికలు తిరిగి, ఉబ్బి, పైకి చేరువవుతాయి. మన పేటలో సాంచెలు పెరిగినకొద్దీ నూలు తెచ్చే బండ్లు పెరిగినట్టన్నమాట. ఆ ఎరుపుకూ, ఆ నెత్తుటి చుక్కలకూ కారణం ఇదే.

అన్నకు డాక్టరు రాసిన మందు మెథోట్రెక్సేట్. మచ్చలు చాలావరకు తగ్గాయి. భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి సారథ్యంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో తయారైన మందు అది. మొదట కాన్సర్‌కు వాడారు. 1972లో అమెరికాలో సోరియాసిస్‌కూ అనుమతి లభించింది. ఒక హెచ్చరిక: ఈ జబ్బుకు దీనిని డాక్టరు చెప్పిన మోతాదులో వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. రక్తపరీక్షలు మానరాదు. గర్భిణులు వాడరాదు.

విద్యార్థులారా! సుబ్బారావు గారు 1922లో చదువు కోసం బోస్టన్ వెళ్లగలగడానికి కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన సహాయ హామీ కూడా ఒక ఆధారం. ఒక ధర్మనిధి హామీ అండతో చదువుకు వెళ్లిన మనిషి కృషి, మా అన్న మోచేతుల దాకా వచ్చింది. మీ చేతిలోని చెక్కునూ అలాగే చూడండి.

అన్న ఇప్పుడు లేడు. వేరుగా పెట్టిన ఆ కంచాన్ని నేను మరువలేను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మచ్చలు కనిపిస్తే కంచం వేరు చేయకండి, డాక్టరుకు చూపించండి. ఆ మాట ఇంట్లో చదువుకున్నవారే ముందుగా చెప్పాలి.