ఆహారంలో మధ్యమ మార్గం



మాంసం తగ్గించుకుందామన్న మాట మన సభలో పలకగానే కొందరి మనస్సులో శంక కలుగుతుంది. అది సహజమే. తినే తిండిని చూపి మన పెద్దలను ఊరి వెలుపల నిలిపిన దేశమిది. గోమాంస భక్షణకూ అస్పృశ్యతకూ గల సంబంధాన్ని బాబాసాహెబ్ 1948లో వెలువరించిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో విపులంగా చర్చించారు. కనుక ముందే స్పష్టంగా చెప్పుకుందాం: మాంసాహారం మైల కాదు, శాకాహారం మడి కాదు.

భిక్షువులు చేపనూ మాంసాన్నీ పూర్తిగా విడువాలని దేవదత్తుడు పట్టుపట్టినపుడు తథాగతుడు ఆ నిర్బంధాన్ని అంగీకరించలేదని వినయపిటకం తెలుపుతున్నది. తన కోసమే చంపినట్లు చూడని, వినని, అనుమానించని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చునన్నాడు. అయినా మన పంచశీలాలలో మొదటిది ప్రాణిహింసకు దూరంగా ఉండమంటున్నది. ఈ రెండింటి నడుమ నిర్ణయాన్ని మన వివేకానికే విడిచిపెట్టాడు.

ఆ వివేకం నేడు కొన్ని వాస్తవాలను గమనించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో సాసేజి, బేకన్ వంటి నిల్వ మాంసాలను క్యాన్సర్ కారకాలుగానూ, మేక, గొర్రె, పశు మాంసాలను బహుశా కారకాలుగానూ వర్గీకరించింది. మానవుల వల్ల వెలువడే హరితగృహ వాయువులలో 14.5 శాతం పశుపోషణ నుండి వస్తున్నదని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2013లో అంచనా వేసింది. భూతాపం పెరిగితే ముందుగా బాధపడేది పొలంలో, రోడ్డుపై ఎండలో పనిచేసే మనవారే. మనుషులకు చివరి ఆధారంగా మిగిలిన కొలిస్టిన్ మందును ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు వాడరాదని 2019లో కేంద్ర ప్రభుత్వం నిషేధించవలసి వచ్చింది.

అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనులు. కూలికి పోయే తల్లి కంచం నుండి, బడికి పోయే బిడ్డ కంచం నుండి గుడ్డును తీసివేయడం కరుణ అనిపించుకోదు. తగ్గించుకోవలసినది మితిమీరి తినగలిగినవారమే. వారానికి మూడు నాలుగు మార్లు మాంసం వండే ఇళ్లలో ఒక్క మారుతో తృప్తి పడదాం. తక్కిన దినాలలో పప్పు, ఉలవలు, అలసందలు, గోంగూర, రాగి సంకటి మన పెద్దల కష్టానికి బలమిచ్చిన తిండే. మన వేడుకల విందులలోనూ వాటికి గౌరవస్థానం ఇద్దాం.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చూపిన దారి స్వేచ్ఛకు దారి. ఒకరి ఆజ్ఞకు లొంగి తిండి మానుకోము. లోకహితం తెలిసి మనమే తగ్గించుకుందాం.

నమో బుద్ధాయ, జై భీమ్.