ఎదిగిన పిల్లలతో వియన్నాలో మూడు రోజులు

చిన్నపిల్లలతో ప్రయాణం కష్టమని లోకంలో ఒక మాట ఉన్నది. కాని వారితో చిక్కు తక్కువ. చేయి పట్టుకొంటే వెంట వస్తారు. అలసిపోతే భుజమెక్కి నిద్రపోతారు. అసలు పరీక్ష పదమూడు, పద్దెనిమిది సంవత్సరాల నడుమ ఉన్న బిడ్డలతో. వారు పిలిచిన చోటికల్లా రారు. వచ్చినా, "ఇక్కడికి ఎందుకు వచ్చాము?" అని అడుగుతారు. ఈ ప్రశ్న విని కొందరు తల్లిదండ్రులు నొచ్చుకొంటారు. నా దృష్టిలో అది చాలా న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం ఇంటివద్దనే సిద్ధం చేసుకొన్న కుటుంబానికి ప్రయాణం సుఖంగా సాగుతుంది. ఆ సమాధానాన్ని వెదకే పనిని బిడ్డలకే ఒప్పగించిన కుటుంబానికి మరింత సుఖంగా సాగుతుంది. ఈనాటి ప్రసంగంలో నేను చెప్పదలచినది ఈ రెండవ మాటనే.

ఒక నగరాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ఆస్ట్రియా రాజధాని వియన్నా. ఈనాడు జర్మనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నవి. అక్కడ ఉద్యోగం చేస్తున్న అన్నగారి ఇంటికో, ఆడపడుచు ఇంటికో సెలవులలో వెళ్ళివచ్చేవారూ ఉన్నారు. మ్యూనిక్ నుండి వియన్నాకు రైలులో సుమారు నాలుగు గంటలు. మూడు రోజుల విహారానికి అనువైన ఊరు. "అంతదూరం పోయి ఒక్క ఊరేనా? ప్రాగ్, బుడాపెస్టు కూడ చూచివద్దాము" అనే మాట సాధారణంగా పెద్దలనుండే పుడుతుంది. ఆ మాటను అక్కడే ఆపివేయడం మంచిది. మూడు రోజులలో మూడు రాజధానులు చూడబోయేవారు ముఖ్యంగా చూచేవి మూడు రైల్వే స్టేషనులు, మూడు హోటలు గదులు.

ఈ మూడు రోజులను గురించి ఇంత ఆలోచన ఎందుకని అడుగవచ్చు. మన ఇళ్ళలో పదవ తరగతి దాటగానే చాలామంది పిల్లలు ఇంటర్మీడియెట్ చదువు కొరకు వసతిగృహాలకు పోతారు. ఆపైన ఇంజనీరింగు, వైద్యం, విదేశీ విద్య. అటుపిమ్మట సెలవులలో ఇంటికి వచ్చినా చుట్టపుచూపుగానే వస్తారు. ఇంటిల్లిపాది కలిసి చేయగల ప్రయాణాలు వ్రేళ్ళమీద లెక్కింపదగినన్నే మిగులుతవి. పైగా, త్వరలో ఒంటరిగా రైలు వేళలు చూచుకొని, డబ్బు లెక్క చూచుకొని, తెలియని వీధిలో దారి కనుగొనవలసినవారు వారే. మన కనుసన్నలలో ఉండగా ఆ విద్య నేర్పడానికి ఇంతకంటె మంచి అదను దొరకదు.

ముందుగా అనుమతి పత్రాల సంగతి. భారతీయ పాస్‌పోర్టు కలవారికి షెంగెన్ వీసా అవసరం. ప్రయాణానికి ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేసుకోవచ్చును; పదిహేను రోజులకంటె ఆలస్యం చేయరాదు. పన్నెండేళ్ళు నిండిన బిడ్డలు స్వయంగా వెళ్ళి వ్రేలిముద్రలు ఇవ్వాలి. తల్లిదండ్రులలో ఒకరే వెంట వెళ్ళుతున్నట్లయితే రెండవవారి అంగీకార పత్రం కావలసి ఉంటుంది. జర్మనీలో నివాసానుమతి కలవారికి ఆస్ట్రియా పోవడానికి వేరే వీసా అక్కరలేదు. పాస్‌పోర్టు, అనుమతి పత్రం వెంట ఉంటే చాలు. ఇంగ్లండు అనుమతి మాత్రం ఇక్కడ చెల్లదు.

ఇక పథకం. మూడు రోజులంటే ఆరు పూటలు. తల్లి, తండ్రి, ఇద్దరు బిడ్డలు ఉన్న ఇంటిలో తలా ఒక పూటను కోరుకోవాలి. ఎందుకు కోరుకొంటున్నారో రెండు మాటలలో చెప్పాలి. ఒకరు కోరినదాన్ని మరొకరు కొట్టివేయరాదు. నాలుగు పూటలు ఇట్లా నిండుతవి. అయిదవ పూట పూర్తిగా పిల్లల ఆధీనం. ఆరవ పూటను ఖాళీగా ఉంచాలి. వాన వచ్చినా, కాళ్ళు నొచ్చినా, ఏదైనా ఒకచోట మనసు నిలిచిపోయినా ఆ పూట అక్కరకు వస్తుంది.

కోరుకోవడానికి వియన్నాలో ఏమున్నది? చిత్రాలు గీయడంలో ఆసక్తి గల బిడ్డ ఉన్నాడనుకొందాము. 1891లో తెరచిన కళాచరిత్ర మ్యూజియంలో పీటర్ బ్రూగెల్ 1560లో చిత్రించిన 'పిల్లల ఆటలు' ఉన్నది. ఆ ఒక్క పటంలో రెండువందలకు పైగా పిల్లలు డెబ్బైఎనభై రకాల ఆటలు ఆడుతూ ఉంటారు. మన కళ్ళగంతలు అందులో ఉన్నది. ఒంగుళ్ళు దూకుళ్ళు ఉన్నది. ఎముక ముక్కలతో ఆడే అచ్చనగాయలు ఉన్నవి. నాలుగున్నర శతాబ్దాలకు పూర్వం ఐరోపాలోని పిల్లలు ఆడినది మన అమ్మమ్మల వాకిళ్ళలో ఆటేనని బిడ్డ తానే కనుగొన్నప్పుడు, మనం ఇవ్వదలచిన ఉపన్యాసం అనవసరమవుతుంది.

ఆ భవనానికి ఎదురుగా, కవల సోదరునివలె, 1889లో తెరచిన ప్రకృతిచరిత్ర మ్యూజియం ఉన్నది. 1908లో విల్లెన్‌డోర్ఫ్ అనే గ్రామంలో బయటపడిన స్త్రీమూర్తిని అక్కడ చూడవచ్చును. ఎత్తు పదకొండు సెంటీమీటర్లు. వయస్సు ఇంచుమించు ముప్పైవేల సంవత్సరాలు. జీవశాస్త్రం చదివే బిడ్డకు మరొక సంగతి చెప్పవచ్చును. రక్తంలో వర్గాలు ఉన్నవని కార్ల్ లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించినది ఈ నగరంనుండే. వైద్యులు చేతులు శుభ్రపరచుకొంటే బాలింతల మరణాలు తగ్గుతవని ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ 1847లో ఇక్కడి పెద్ద ఆసుపత్రిలోనే నిరూపించాడు.

ఈ రెండు మ్యూజియములవలె ఆస్ట్రియా ప్రభుత్వానికి చెందిన మ్యూజియములన్నిటిలో పందొమ్మిదేళ్ళు నిండనివారికి ప్రవేశం ఉచితం. దీనివలన మిగిలే డబ్బుకంటె, కలిగే స్వేచ్ఛ గొప్పది. టిక్కెట్టు కొన్నామన్న బెంగ లేదు గనుక, బిడ్డ ఒక గంట చూచి చాలునన్నప్పుడు మనస్ఫూర్తిగా బయటికి రావచ్చును. ఆసక్తి ఉండగానే లేచివచ్చినవారికి మళ్ళీ పోవాలని ఉంటుంది. అయితే ఈ రెండింటికీ వారపు సెలవులు వేరువేరు. సాధారణంగా ఒకటి సోమవారం, మరొకటి మంగళవారం మూసి ఉంటవి; వేసవిలో మార్పులు ఉంటవి. తేదీలు నిశ్చయించుకొనే ముందే చూచుకోవాలి.

సంగీతం కోరుకొనేవారు స్టేట్ ఆపెరాకు పోవచ్చును. 1869లో ప్రారంభమైన ఈ భవనం 1945లో బాంబులకు కూలి, 1955లో మళ్ళీ తెరచుకొన్నది. అక్కడ నిలబడి వినేవారికి చవుకగా టిక్కెట్లు ఇస్తారు. మొదటి అంకం విని వెళ్ళిపోయినా తప్పు పట్టేవారు లేరు. జులై, ఆగస్టు మాసాలలో మాత్రం ప్రదర్శనలు ఉండవు. రాజప్రాసాదం కోరుకొనేవారికి షోన్‌బ్రున్ ఉన్నది. అందులోని గదులు 1441. ప్రజలు చూడగలిగినవి నలభై మాత్రమే, అవి చాలును. ఆరేళ్ళ మోజార్ట్ 1762లో మరియా తెరీసా రాణి ఎదుట వాయించినది అక్కడనే. తోటలో తిరగడానికి రుసుము లేదు. ఆ తోటలోనే 1752లో నెలకొల్పిన జంతుప్రదర్శనశాల నేటికీ నడుస్తున్నది. ఎత్తులు ఎక్కదలచిన బిడ్డకు సెయింట్ స్టీఫెన్ కథెడ్రల్ దక్షిణ గోపురం ఉన్నది, 343 మెట్లు. మెట్లు వద్దన్నవారికి ప్రాటర్ ఉద్యానంలో 1897లో నిలిపిన రంగులరాట్నం ఉన్నది. ఎత్తు ఇంచుమించు 65 మీటర్లు.

చరిత్ర కోరుకొన్న బిడ్డతో మనమూ కొంచెం సిద్ధపడి పోవాలి. 1683లో తురుష్క సైన్యం ఈ నగరాన్ని ముట్టడించి వెనుదిరిగినది. వారు విడిచిపోయిన ఫిరంగులను కరగించి 1711లో ఒక మహాఘంటను పోతపోశారు. 1945లో కథెడ్రల్ మంటలలో చిక్కుకొన్నప్పుడు అది పడి పగిలిపోయినది. ఆ ముక్కలతోనే మళ్ళీ పోతపోసి 1952లో తిరిగి తెచ్చారు. మన దేశచరిత్రలోని ఒక పుట కూడ ఇక్కడ ఉన్నది. సుభాస్ చంద్ర బోస్ 1933లో చికిత్స కొరకు వచ్చి ఈ నగరంలో చాలాకాలం గడిపారు. 'ది ఇండియన్ స్ట్రగుల్' గ్రంథాన్ని 1934లో ఇక్కడ ఉండగా వ్రాశారు.

యూడెన్‌ప్లాట్జ్ అనే చిన్న చతురస్రంలో 2000 సంవత్సరంలో ఆవిష్కరించిన ఒక స్మారకం ఉన్నది. నాజీల చేతులలో మరణించిన 65,000 మంది ఆస్ట్రియా యూదుల స్మృతికి అది నిలిపినది. చూడటానికి ఒక గ్రంథాలయం. రాతిపుస్తకాల వీపులన్నీ లోపలివైపు తిరిగి ఉంటవి. తలుపులకు పిడులు లేవు. ఆ పుస్తకాల పేర్లు ఎవరూ చదువలేరు, ఆ తలుపులు ఎవరూ తెరువలేరు. పదిహేనేళ్ళ బిడ్డ దానిముందు నిలబడి కఠినమైన ప్రశ్నలు అడుగవచ్చును. తొందరగా సమాధానం చెప్పి ముగించవద్దు. ఆనాడు తరువాతి పూట ఖాళీగా ఉంటే మేలు.

పిల్లలకు ఒప్పగించిన అయిదవ పూట సంగతి చెప్పాలి. ఆ పూటకు ఇంత అని పైకం వారి చేతికివ్వాలి. ఎక్కడికి పోవాలో, ఏ ట్రాము ఎక్కాలో, ఎక్కడ తినాలో వారే నిర్ణయించాలి. అపాయం ఉంటే తప్ప పెద్దలు అడగనిదే సలహా చెప్పరాదు. ఈ నియమం పిల్లలకంటె మనకే కష్టం! ఈ పనికి వియన్నా అనుకూలమైన ఊరు. 1857లో ఫ్రాంజ్ జోసెఫ్ చక్రవర్తి కోటగోడలను పడగొట్టవలసిందని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ స్థలంలో వేసిన రింగు వీధి పాతనగరాన్ని మూడుప్రక్కల చుట్టి ఉన్నది. నాలుగవ ప్రక్క డాన్యూబు కాలువ. ఎక్కడ దారి తప్పినా కొంత దూరం నడిస్తే ఈ రెంటిలో ఒకటి కనిపిస్తుంది. తప్పు ట్రాము ఎక్కితే మరుసటి స్టాపులో దిగవచ్చును. పోయేది పది నిమిషాలు. ఒక జాగ్రత్త మాత్రం ముందే చెప్పాలి. అక్కడి భూగర్భ రైలు స్టేషనులలో అడ్డుగేట్లు లేవు. కాగితపు టిక్కెట్టుపై ముద్ర వేసుకొనే యంత్రం ఉంటుంది. ముద్ర మరచి, తనిఖీదారునికి చిక్కితే జరిమానా తప్పదు.

నిద్రను, భోజనాన్ని చిన్నచూపు చూడరాదు. ఈ వయస్సులో శరీరానికి నిద్రవేళ సహజంగానే వెనుకకు జరుగుతుంది. అది సోమరితనం కాదు. ఉదయం పదిగంటలకు బయలుదేరి, సాయంకాలాన్ని పొడిగించుకొంటే అందరికీ హాయి. హైదరాబాదునుండి నేరుగా వెళ్ళినవారి సంగతి వేరు. వేసవిలో వియన్నా మనకంటె మూడున్నర గంటలు వెనుక. మొదటి రోజు తెల్లవారకముందే మెలకువ వచ్చి, సాయంత్రానికి కళ్ళు మూతపడతవి. ఆ రాత్రికి ఆపెరా పెట్టుకోవద్దు. ఆదివారం దుకాణాలు చాలావరకు మూసి ఉంటవి గనుక రొట్టె, పాలు, పండ్లు శనివారమే కొని ఉంచాలి. కుళాయి నీరు నిర్భయంగా త్రాగవచ్చును. 1873నుండి ఆ నగరానికి ఆల్ప్స్ పర్వతాల ఊటనీరు వస్తున్నది. శాకాహారులు ముందుగా అడిగి తెలుసుకోవాలి, అక్కడ గ్రుడ్డును మాంసాహారంగా లెక్కించరు. మధ్యాహ్నం ఒక కాఫీశాలలో కూర్చుంటే, కప్పు కాఫీతోపాటు గ్లాసెడు నీళ్ళు తెచ్చి పెడతారు. ఆపైన ఎంతసేపు కూర్చున్నా లెమ్మనేవారు ఉండరు. అక్కడ అరగంటసేపు ఫోనులన్నీ, నాన్నగారిది కూడ, సంచిలో ఉంచితే ఇంటిలో నెలరోజులుగా సాగని సంభాషణ దానంతట అదే సాగవచ్చును.

వియన్నా ఉదాహరణ మాత్రమే. లిస్బన్ అయినా, రోమ్ అయినా, మన హంపి అయినా పద్ధతి ఒక్కటే: ఒక్క ఊరు, తలా ఒక కోరిక, పిల్లలకొక పూట, ఖాళీగా ఒక పూట. వచ్చే ఆదివారం భోజనాలైన తరువాత బల్లమీద నగరపటం పరచండి. పెన్సిలు మాత్రం బిడ్డల చేతికివ్వండి.