ఆగిన ఆట



మన కొల్లేటి చేపలు ఐసులో పెట్టి కలకత్తా పంపుతారు కదా. ఈ కబురు ఆ ఊరిదే.

అక్కడ ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ అని రెండు జట్లు. వాళ్ళ పంతం ముందు మన కోడిపందేలు చాలవు! 1980 ఆగస్టు 16న ఈ జట్ల ఆటలోనే గొడవై, తొక్కిసలాటలో 16 మంది పోయారు. ఆ ఊరు అది మరచిపోలేదు.

2024 ఆగస్టు 9న అక్కడ ఆర్.జి.కర్ ఆసుపత్రిలో, డ్యూటీలో ఉన్న డాక్టరమ్మను చెరిచి చంపారు. 14వ తేదీ రాత్రి ఆడవాళ్ళు వేలమంది వీధుల్లోకి వచ్చారు. 18న ఈ రెండు జట్లకి ఆట. ముందురోజే రద్దు చేశారు.

గొడవ చేసేవాళ్ళు వస్తున్నారని కబురందింది అన్నారు పోలీసులు. కాదు, "న్యాయం కావాలి" అనే కేకలు వినలేకే ఆపారు అనుకున్నారు జనం. ఎవరి మాట వారిది.

కొట్టుకుంటారన్న ఆ అభిమానులే 18న స్టేడియం బయట ఒక్కటయ్యారు. రెండు జెండాలూ పక్కపక్కనే ఎగిరాయి. మోహన్ బగాన్ కెప్టెన్ సుభాశిష్ బోస్ భార్యతో కలిసి వచ్చాడు. పోలీసులు లాఠీలు ఎత్తారు. అయినా కేకలు ఆగలేదు.

ఆడని ఆటకి రెండు జట్లకీ చెరో పాయింటు ఇచ్చారు.