ముట్లుడుగు కాలము: హార్మోను చికిత్సను తూచి చూచుట

(సంఘ మహిళా విభాగపు సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నేటి విషయమును వినగానే కొందరు తల వంచుకొనుట చూచితిమి. ఈ సభకు పురుషులు కూడ రావలెనని మేమే కోరితిమి. పదునెనిమిదవ శతాబ్దపు చివరినుండి తెలుగుసీమ విడిచి వచ్చి, ఈ నగరమునకు రాళ్లు మోసి, మేడలు కట్టి, కామాఠీపురాకు తమ పేరునే ఇచ్చిన కుటుంబముల సంతతివారము మనము. ఆనాడు స్త్రీలును తట్టలు మోసిరి. నొప్పి చెప్పుకొను అలవాటు వారికి లేకపోయెను. ఆ మౌనము మనకు వారసత్వముగా వచ్చినది. నలుబదియైదేండ్లు దాటిన స్త్రీకి అది హాని చేయుచున్నదని మా అభిప్రాయము.

ముట్లుడుగుట రోగము కాదు. వరుసగా 12 నెలలు ముట్టు రానిచో ముట్లుడిగినవని వైద్యులు లెక్కింతురు. మన దేశమున ఇది సగటున 46, 47 ఏండ్లకు జరుగును. అండాశయములలో ఈస్ట్రోజెన్ అను హార్మోను తయారగుట తగ్గిపోవును. అందుచే కొందరికి హఠాత్తుగా ఒళ్లంతయు ఆవిరి కమ్మినట్లగును. రాత్రులు చెమట పట్టును, నిద్ర చెడును, మనసు చిరాకుపడును, మూత్రమున మంటయు దాంపత్యమున నొప్పియు కలుగును. కొందరికి ఏ బాధయు ఉండదు. కొందరికి ఏడెనిమిదేండ్లు సాగును. చిన్న ఖోలీలో ఆరుగురు పడుకొను చోట, అర్ధరాత్రి లేచి వరండాలో కూర్చుండి కొంగుతో విసరుకొను తల్లిని చూచి, "అమ్మకు కోపమెక్కువైనది" అని ఇంటివారు అనుకొందురు. పురుషులను పిలిచినది ఇందుకే.

మాకు తెలిసిన ఒక చాళ్‌లో ఇద్దరు తోడికోడండ్రు కలరు. పెద్దామెకు 49 ఏండ్లు, చిన్నామెకు 43. చిన్నామెకు 34వ యేట ఊరిలో గర్భసంచి తీసివేసిరి. ఆమెకు ఆవిర్లు మొదలు కాగా వైద్యురాలు పరీక్షించి ఈస్ట్రోజెన్ మాత్రలు వ్రాసి ఇచ్చెను, బాధ తగ్గెను. అది చూచి పెద్దామె, "నాకును అదే బాధ గదా" యని ఆ మాత్రలనే తానును వేసికొనసాగెను. ఒకరు ప్రేమతో ఇచ్చిరి, ఒకరు నమ్మకముతో పుచ్చుకొనిరి. అయితే పెద్దామెకు గర్భసంచి ఉన్నది. గర్భసంచి ఉన్న స్త్రీ ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినచో లోపలిపొర దళసరియై, కాలక్రమమున క్యాన్సరు కలుగు ప్రమాదము హెచ్చును. దానిని నివారించుటకు ప్రొజెస్టెరోన్ జాతి మందు తోడుగా ఉండవలెను. గర్భసంచి లేనివారికి సాధారణముగా ఆ తోడు అక్కరలేదు. ఒక కుండలోని అన్నము ఇద్దరు తినవచ్చును గాని, ఒకరి మందు మరియొకరికి చెల్లదు. సంగతి తెలిసి మేము పెద్దామెను వైద్యురాలి యొద్దకు తీసికొనిపోతిమి. పరీక్షలో కీడేమియు కనబడలేదు. అది ఆమె అదృష్టము.

చిన్నామె కథ ఒక్కరిది కాదు. 2015-16 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల వయసు స్త్రీలలో దేశమంతటను నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసివేసియుండగా, ఆంధ్రప్రదేశమున సుమారు 9 మందికి, తెలంగాణమున సుమారు 8 మందికి తీసివేసిరి. అవసరము లేని ఇట్టి ఆపరేషనులను అరికట్టు నియమములను అమలుపరుపవలెనని సుప్రీంకోర్టు 2023లో రాష్ట్రములను ఆదేశించినది. మన చాళ్లలోని స్త్రీలు కాన్పునకును ఆపరేషనునకును ఊరికి పోవుట కలదు. గర్భసంచి తీసిరని వారికి తెలియును. అండాశయములను ఉంచిరో తీసిరో తెలియదు. ఆ కాగితము ఊరిలో ఏ ట్రంకుపెట్టెలోనో ఉండును. అండాశయములు రెండును తీసినచో ఆనాడే ముట్లుడిగినట్లు. 45 ఏండ్ల లోపల అట్లయినవారికి ఎముకలు గుల్లబారుట, గుండెజబ్బు అను ప్రమాదములు హెచ్చు. వేరే అడ్డు లేనిచో, సహజముగా ముట్లుడుగు వయసువరకైనను వారు హార్మోన్లు వాడుట మేలని వైద్యులు చెప్పుచున్నారు. కావున ఆ పాత కాగితము బంగారముతో సమానము.

"హార్మోన్లు వాడిన క్యాన్సరు వచ్చును" అను భయము ఎక్కడిది? అమెరికాలో 16,608 మంది స్త్రీలతో జరిగిన పరిశోధనను 2002 జూలైలో మధ్యలో ఆపివేసిరి. ఏడాదికి 10,000 మందిలో, ఉత్తుత్తి మాత్ర వేసికొన్నవారిలో 30 మందికి రొమ్ము క్యాన్సరు రాగా, రెండు హార్మోన్లు కలిపి వాడినవారిలో 38 మందికి వచ్చెను. పక్షవాతము, రక్తము గడ్డకట్టుట కూడ పెరిగెను. తుంటియెముక విరుగుట తగ్గెను. అయితే ఆ స్త్రీల సగటు వయసు 63 ఏండ్లు. గర్భసంచి లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన పరిశోధనను 2004లో ఆపిరి. అందు పక్షవాతము పెరిగెను గాని రొమ్ము క్యాన్సరు పెరుగలేదు. ఆరోగ్యవంతురాలై, 60 ఏండ్లు దాటక, ముట్లుడిగి పదేండ్లు మించక, బాధ హెచ్చుగానున్న స్త్రీకి కీడుకంటె మేలే ఎక్కువయని నేటి వైద్యుల నిర్ణయము. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందులపై పెట్టిన పెద్ద హెచ్చరికలలో అధికభాగమును తొలగింపనున్నట్లు ప్రకటించెను. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడుటవలన గర్భసంచికి కలుగు క్యాన్సరును గూర్చిన హెచ్చరికను మాత్రము ఉంచెను. భయము తగ్గుట వేరు, మందు అందరికి తగునని అనుకొనుట వేరు.

కావున ప్రతి స్త్రీయు నాలుగు ప్రశ్నలకు జవాబులతో వైద్యునికడకు పోవలెను. వయసెంత, ముట్లుడిగి ఎన్నేండ్లయినది? గర్భసంచి, అండాశయములు ఉన్నవా? రొమ్ము క్యాన్సరు, గర్భసంచి క్యాన్సరు, గుండెపోటు, పక్షవాతము, కాలిలోనో ఊపిరితిత్తులలోనో రక్తము గడ్డకట్టుట, కాలేయవ్యాధి ఎన్నడైన కలిగినవా? బాధ ఏది, దినమునకు ఎన్నిసార్లు? మూడవ ప్రశ్నకు అవునన్నవారికి హార్మోను మాత్రలు సాధారణముగా ఈయరు.

మందులోను భేదములు కలవు. చర్మముపై అంటించు పట్టీలకు, పూతమందులకు రక్తము గడ్డకట్టు భయము మాత్రలకంటె తక్కువ. పొడిబారుట, నొప్పి మాత్రమే బాధయైనచో ఆ చోటనే వాడు క్రీము చాలును. అది రక్తములో కలియునది అత్యల్పము. హార్మోన్లు కూడనివారికి వేరు మందులును కలవు. మనసు కుంగుబాటుకు ఇచ్చు కొన్ని మందులు కొద్ది మోతాదులో ఆవిర్లను తగ్గించును. ఏ మందైనను ఏడాదికొకసారి వైద్యుని చూచి, కొనసాగింపవలెనా యని అడుగవలెను.

రెండు హెచ్చరికలు. రాత్రి చెమటలన్నియు ముట్లుడుగుటవలననే కావు. దగ్గు, జ్వరము, బరువు తగ్గుట కూడ ఉన్నచో ముందు క్షయ పరీక్ష చేయించుకొనవలెను. ముట్లుడిగి ఏడాది దాటిన పిమ్మట రక్తము చుక్కయైనను కనబడినచో ఆలసింపరాదు.

తుదకొక మాట. నాయర్, జె.జె., కామా ఆసుపత్రులు మనకు దూరము కావు, దూరమైనది భాష. మరాఠీలోనో హిందీలోనో ఈ సంగతి చెప్పుటకు తల్లి కొడుకును వెంటబెట్టుకొని పోవును; కొడుకు ఎదుట నోరు రాదు; "ఒంట్లో బాగులేదు" అని చెప్పి బలము మాత్రలతో తిరిగి వచ్చును. ఇకమీద కోరిన సోదరితో మా విభాగమునుండి ఒకరు తోడుగా పోవుదుము. నాలుగు ప్రశ్నల జవాబులను మరాఠీలో వ్రాసి చేతికిత్తుము. మీరు చేయవలసినది ఒక్కటే: ఈసారి ఊరికి పోయినప్పుడు ఆ ట్రంకుపెట్టె తెరచి, ఆపరేషను కాగితమును వెంట తెచ్చుకొనుడు.

సెలవు.