కిరాయి ఒప్పందం: గడువు తీరిన నాటి పరీక్ష

సమస్త స్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు కలుగుగాక! అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా! మన విజయవాడలో వన్‌టౌన్ మొదలు భవానీపురం, సింగ్‌నగర్ వరకు అనేక కుటుంబాలు కిరాయి ఇళ్లలో జీవిస్తున్నాయి. మరికొన్ని కుటుంబాలకు ఆ కిరాయి సొమ్మే జీవనాధారం. పదకొండు నెలల కాగితం గడువు తీరిన నాడు ఈ ఇరుపక్షాల విశ్వాసానికీ పరీక్ష ఎదురవుతుంది.

కిరాయి ఒప్పందాన్ని షరీఅత్ పరిభాషలో ఇజారా అంటారు. దివ్య ఖుర్ఆన్‌లోని ఖసస్ సూరా మనకొక ఇజారాను చూపుతున్నది. మద్‌యన్‌లో ఒక వృద్ధుడు తన కుమార్తెను హజ్రత్ మూసా (అలైహిస్సలాం)కు ఇచ్చి వివాహం చేయదలచి, ఎనిమిదేళ్లు తన వద్ద పనిచేయాలన్నారు. పదేళ్లు చేస్తే అది ఆయన మంచితనమనీ, ఆయనను కష్టపెట్టే ఉద్దేశం తనకు లేదనీ చెప్పారు. మూసా (అలైహిస్సలాం) ఆ మాటకు అల్లాహ్‌ను సాక్షిగా నిలిపారు. అది శ్రమకు సంబంధించిన ఒప్పందం, మనది ఇంటికి సంబంధించినది. సూత్రం మాత్రం ఒక్కటే. బాధ్యత ఎంతవరకో, ఔదార్యం ఎక్కడి నుండో ముందుగానే తేటపడాలి.

2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరదను మనమెవరమూ మరువలేదు. నీరు తగ్గిన కొన్ని వారాలకు ఇద్దరు మా వద్దకు వచ్చారు. ఒకరు కిరాయిదారు. ఆ దర్జీ సోదరుని కుట్టుమిషన్లు నీట మునిగాయి. మరొకరు ఇంటి యజమానురాలు. భర్తను కోల్పోయిన ఆ సోదరికి ఆ కిరాయే ఆధారం. ఒప్పందం డిసెంబరుతో ముగియనుంది. ఉబ్బిన తలుపుల ఖర్చును అడ్వాన్సులో మినహాయిస్తాననీ, కిరాయి వెయ్యి రూపాయలు పెంచుతాననీ, అంగీకరించకుంటే గడువు తీరిన రోజే ఖాళీ చేయాలనీ ఆమె అన్నారు. ఆయన రెండు నెలలుగా కిరాయి చెల్లించలేదు. ఇరువురిలోనూ దుర్బుద్ధి లేదు, ఉన్నది ఇబ్బందే.

మేము వారికి మూడు విషయాలు విన్నవించాము. కిరాయి ఇల్లు కిరాయిదారు చేతిలో అమానతు. అతని తప్పిదం, నిర్లక్ష్యం లేకుండా జరిగిన నష్టం అతనిపై పడదు. అతని చేతితో పగిలినది మాత్రం అతనిదే. రెండవది, ఇల్లు నీటిలో ఉండి నివాసానికి పనికిరాని రోజులకు కిరాయి లేదు. తిరిగి వచ్చి నివసించిన రోజుల కిరాయి మాత్రం రుణం. శక్తి ఉండీ రుణాన్ని జాప్యం చేయడం అన్యాయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) హెచ్చరించారు. మూడవది, గడువు నడుమ కిరాయి పెంచే హక్కు యజమానికి లేదు, గడువు తీరాక కొత్త కిరాయి అడిగే హక్కు ఉంది. కానీ పిల్లల చదువు మధ్యలో ఉండగా, వెళ్లే చోటు లేని మనిషి చేత చేయించిన సంతకం మనస్ఫూర్తి అంగీకారమౌతుందా? నిసా సూరా లావాదేవీలకు పరస్పర అంగీకారాన్నే పునాదిగా నిలిపింది.

అల్లాహ్ దయతో వారు రాజీపడ్డారు. తలుపుల ఖర్చు ఆమె భరించారు. నీట మునిగిన రోజులు పోగా మిగిలిన బకాయిని ఆయన మూడు వాయిదాలలో తీర్చారు. పెంపు ఐదు వందలకు తగ్గింది, అదీ పరీక్షలు ముగిశాక. అంతా కాగితంపై రాసి సాక్షులతో సంతకాలు చేయించారు.

సోదరులారా! అప్పు లావాదేవీలను రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని బఖరా సూరా ఆదేశిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ 2017 నాటి అద్దె చట్టం కూడా లిఖిత ఒప్పందాన్నే కోరుతున్నది. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సును రెండు నెలల కిరాయికి పరిమితం చేసింది. కనుక "మనవాళ్లమే, కాగితమెందుకు" అనకండి. మనవాళ్లమని మిగలడానికే ఆ కాగితం.

యజమానులారా! పెంపును నెలల ముందే తెలపండి. అడ్వాన్సు మీ సొమ్ము కాదని మరువకండి. కిరాయిదారులారా! ఖాళీ చేస్తామన్న మాట తప్పకండి, ఇంటిని మీ ఇల్లుగానే చూసుకోండి. ఎదుటివారు ముస్లిమైనా, హిందువైనా, క్రైస్తవుడైనా మీ మాట ఒక్కటే కావాలి. ఒప్పందాలను నెరవేర్చమన్న మాయిదా సూరా ఆజ్ఞలో ఎవరికీ మినహాయింపు లేదు.

మనమంతా ఈ భూమిపై గడువు గల కిరాయిదారులమే. ఆ గడువును పొడిగించుకొనే అవకాశం మనకు లేదు. తాళంచెవి అప్పగించే నాడు ఎవరి హక్కూ మన మెడపై లేకుండా అల్లాహ్ మనల్ని కాపాడుగాక! ఆమీన్.