కాంటా దగ్గర నిలబడండి

(తాండూరు దగ్గరి ఒక ఊరిలో, మహిళా సంఘం సమావేశంలో ఒక రైతక్క చెప్పిన మాటలు)



నన్ను మాట్లాడమన్నారు. నాకు ఉపన్యాసాలు రావు. కందులు అమ్మడం వచ్చు. అది కూడా ఊరికే రాలేదు. నష్టపోయి నేర్చుకున్నాను.

మనది నల్లరేగడి నేల. మన కంది రుచి అందరికీ తెలుసు. 2022 లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంటే ఈ పేరు పెట్టి వేరే చోటి కందులు అమ్మకూడదన్న మాట. మంచిదే. కాని పేరు వచ్చినంత మాత్రాన మన సంచికి ధర రాదు. ధర ఎక్కడ వస్తుంది? ఎక్కడ పోతుంది? అదే ఇవాళ చెప్తాను.

2015 లో కందిపప్పు కిలో 200 రూపాయల దాకా పోయింది. మీకు గుర్తుందా? పప్పు లేకుండా చారు పోసుకున్నాం. ఆ ధర చూసి 2016 వానాకాలంలో అందరూ కంది వేశారు. నేనూ రెండెకరాలు వేశాను. వానలు బాగా పడ్డాయి. దేశమంతా కంది విరగకాసింది. బయటి దేశాల నుంచి ఓడల మీద కూడా కందులు వచ్చాయి. ఆ నవంబరులోనే పెద్ద నోట్లు రద్దయ్యాయి. వ్యాపారుల చేతిలో పైసలు ఆడలేదు. ఇంకేముంది, ధర పడిపోయింది.

నాకు 7 క్వింటాళ్లు పండాయి. 14 సంచులు. విత్తనం, పురుగుమందు ఊళ్లో వ్యాపారి దగ్గరే ఉద్దెర తెచ్చాం. కళ్లం ఎత్తక ముందే అతను బండి తోలుకొని వచ్చాడు. "క్వింటాలుకు 4,000 ఇస్తా. రేపటికి ఇది కూడా ఉండదు" అన్నాడు. అప్పు ఉన్నవాళ్లం, ఏమంటాం? అతని కాంటా, అతని మనిషి, అతని లెక్క. సంచికి రెండు కిలోలు తరుగు అని తీశాడు. ఎందుకన్నా అంటే, "మట్టి, పొట్టు ఉంటది గదమ్మా" అన్నాడు. తెల్ల కాగితం మీద ఏదో రాశాడు. నేను వేలిముద్ర వేశాను.

అప్పుడు సర్కారు మద్దతు ధర బోనస్‌తో కలిపి 5,050 రూపాయలు. ఆ సంగతి నాకు తెలియదు. తర్వాత నా బిడ్డ దగ్గర అక్షరాలు, లెక్కలు నేర్చుకున్నాక ఒక రాత్రి కూర్చొని లెక్క వేశాను. మీరూ నాతో వేయండి.

14 సంచులకు తరుగు 28 కిలోలు. కిలో 40 చొప్పున 1,120 రూపాయలు. ధరలో తేడా క్వింటాలుకు 1,050. ఏడు క్వింటాళ్లకు 7,350. రెండూ కలిపితే 8,470 రూపాయలు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కలుపు తీసిన రోజులన్నీ కళ్ల ముందు తిరిగాయి.

మద్దతు ధర అంటే ఏమిటి? ఈ ధరకు తక్కువైతే సర్కారు కొంటుంది అని కేంద్రం ప్రతి ఏడూ ముందే చెప్పే ధర. 2025-26 పంటకు కందికి 8,000 రూపాయలు అని చెప్పింది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఊరి వ్యాపారి ఆ ధర ఇవ్వడు. కొనుగోలు కేంద్రం తెరిస్తేనే, అక్కడికి తీసుకుపోతేనే ఆ ధర. మన దగ్గర మార్క్‌ఫెడ్ వాళ్లు నాఫెడ్ తరఫున కొంటారు. చాలాచోట్ల సహకార సంఘం దగ్గరే కేంద్రం పెడతారు. ఎకరానికి ఇంత అని హద్దు కూడా ఉంటుంది. అందరివీ, అన్నీ కొనరు.

2020 జనవరిలో నేను మొదటిసారి కేంద్రానికి పోయాను. మద్దతు ధర 5,800. బయట అంత లేదు. సంతోషంగా పోయాను. అక్కడ ఒక చిన్న మిషన్‌లో గింజలు పోసి తేమ చూశారు. 14 వచ్చింది. "12 దాటితే కొనం" అన్నారు. మళ్లీ ఇంటికి తెస్తే బండి కిరాయి దండగ. ఏం చేయాలి? అక్కడే టార్పాలిన్ పరిచి కందులు ఆరబోశాను. రెండు రాత్రులు సంచుల పక్కనే పడుకున్నాను. ఆడమనిషికి అక్కడ స్నానానికి చోటు లేదు, మరుగుకు చోటు లేదు. ఈ మాట ఆఫీసర్లతో కూడా అన్నాను. మూడో రోజు 11 వచ్చింది. కొన్నారు.

అందుకే చెప్తున్నా, ఇంటి దగ్గరే బాగా ఆరబెట్టండి. గింజ కొరికితే టక్కుమని పగలాలి. పండ్ల కింద మెత్తగా నలిగితే ఇంకా తేమ ఉన్నట్టే. తూర్పారబట్టి, జల్లెడ పట్టి పోండి. పుచ్చు గింజ, పచ్చి గింజ ఏరేయండి. తరుగు తీయడానికి వాళ్లకు సాకు దొరకదు.

కేంద్రంలో పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం అడుగుతారు. పంట నమోదు కూడా చూస్తారు. కాబట్టి చేను మీద ఉన్నప్పుడే వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గర కంది అని రాయించుకోవాలి. మరచిపోతే మనం కంది పండించినట్టే లెక్కలో ఉండదు. భూమి ఎవరి పేరున ఉంటే పైసలు వాళ్ల ఖాతాలోనే పడతాయి. మా ఇంట్లో భూమి మా ఆయన పేరున ఉంది. కందులు ఆరబోసింది నేను, ఫోన్ మోగింది ఆయనది! నవ్వకండి, మీ ఇళ్లలో కూడా అంతే కదా.

ఆ పైసలు కూడా వెంటనే రాలేదు. ఐదు వారాలు పట్టింది. ఈలోపు అప్పు ఇచ్చినవాడు రోజూ గడప తొక్కాడు. చేతిలో కొంచెం పైకం లేనివాళ్లకు కేంద్రం కష్టమే. ఉన్న మాట చెప్పాలి.

మరి మార్కెట్ యార్డు సంగతి? యార్డులో వేలం ఉంటుంది. నలుగురు ఖరీదుదారులు చూస్తారు. ఎవరు ఎక్కువ అంటే వాళ్లకు. 2024 మొదట్లో మద్దతు ధర 7,000 ఉంటే యార్డుల్లో దానికి చాలా పైన పలికింది. అటువంటి ఏడు కేంద్రంతో పనే లేదు. అందుకే సంచులు బండికి ఎత్తకముందు రెండు ధరలూ కనుక్కోవాలి. యార్డు ఆఫీసుకు ఫోన్ చేసినా చెప్తారు.

ఆ జనవరిలో నేను 10 సంచులు ఒక యార్డుకు తీసుకుపోయాను. 9,400 పలికింది. దడువాయి జోకుతుంటే పక్కనే నిలబడ్డాను. కాంటా మీద పడిన అంకె పడినట్టు నా నోటుబుక్కులో రాసుకున్నాను. ఖాళీ సంచి బరువు తీసేయడం న్యాయమే. కాని ఖాళీ సంచిని కూడా కాంటా మీద పెట్టించాను. అన్నీ పోను 5 క్వింటాళ్ల 12 కిలోలు వచ్చాయి.

అడ్తి దుకాణంలో తక్‌పట్టీ ఇచ్చారు. చదివాను. 4 క్వింటాళ్ల 92 కిలోలు అని ఉంది. ఇరవై కిలోలు ఏవి? మళ్లీ సంచికి రెండు కిలోలే! అదే పాత తరుగు. కాళ్లు వణికాయి, నిజం. చుట్టూ అంతా మగవాళ్లు. అయినా నోటుబుక్కు తెరిచి చూపించాను. గుమాస్తా, "అందరికీ ఇట్లనే తీస్తామమ్మా" అన్నాడు. "అయితే ఆ మాటే ఈ చీటీ మీద రాసి ఇవ్వు. యార్డు ఆఫీసులో చూపిస్తా" అన్నాను. అతను రాయలేదు. ఆఫీసు నుంచి ఒక ఆయన వచ్చి నా అంకెలు, వాళ్ల అంకెలు చూశాడు. చీటీ మార్చి రాశారు. ఇరవై కిలోలకు 1,880 రూపాయలు. హమాలీ, కమీషన్ నేను కట్టాను. అవి కట్టాల్సినవే. మార్కెట్ ఫీజు మాత్రం కొన్నవాళ్లు కట్టాలి, మన చీటీలో కోయకూడదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొక మాట. ముగ్గురు నలుగురికి తలా నాలుగు సంచులు ఉంటాయి. ఒక్కొక్కరం బండి మాట్లాడితే కిరాయికే పోతుంది. కిందటి సంవత్సరం మా సంఘంలో ఏడిండ్ల వాళ్లం ఒకే బండిలో వేశాం. ఎవరి సంచి మీద వాళ్ల పేరు రంగుతో రాసుకున్నాం. ఒకరు కాంటా దగ్గర, ఒకరు అడ్తి దగ్గర, ఒకరు సంచుల దగ్గర నిలబడ్డాం.

ఇంటికి పప్పు ఉంచుకున్నారా? జనవరిలో అన్నీ అమ్మి, ఎండాకాలం పోయాక దుకాణంలో పప్పు కొనే పిచ్చితనం నేనూ చేశాను. ఇప్పుడు రెండు సంచులు ముందే పక్కకు పెడతాను. బాగా ఎండబెట్టి, వేపాకు కలిపి పెడితే పురుగు తక్కువ పడుతుంది.

ఇదిగో, ఆ మార్చి రాసిన తక్‌పట్టీ తెచ్చాను. చేతులు మార్చుకుంటూ చూడండి. పై వరుసలో పేరు, దాని కింద సంచులు, ఆ తర్వాత తూకం, ధర. అడుగున కోతలు. ముందు వరుసలో ఉన్న అక్కా, నువ్వు గట్టిగా చదువు, అందరం వింటాం.