పొద్దున లేచాక ఎంతసేపు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17న మనం కలిసినప్పుడల్లా డి.ఎ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించే మాట్లాడుకుంటాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్లనే మనకిది పండుగ అయింది కనుక అది సబబే. ఈసారి కార్యదర్శి గారు ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను డాక్టరును కాను. ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షనులో ఫైళ్ళు నడిపిన గుమాస్తాను. రోగిగా అనుభవించింది, చదివి అర్థం చేసుకున్నది మనవి చేస్తాను. దానికి ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

1994లో మా ఆఫీసులో ఒక టైపిస్టు ఉండేవారు. పేరు అనవసరం. పదిన్నరకు ఆఫీసు. పదీ నలభైకి హాజరు పట్టీ ఆఫీసరు గారి గదిలోకి పోవాలి. అది తీసుకువెళ్ళేది నేనే. ఆవిడ పదకొండుకు వచ్చేవారు. నేను ఎర్ర సిరాతో లేటు మార్కు పెట్టేవాణ్ణి. మూడు లేట్లకు ఒక క్యాజువల్ లీవు కట్. వచ్చాక కూడా ఉదయం పూట ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అవే వేళ్ళు మిషను మీద పరుగెత్తేవి. "పొద్దున నాటకం, మధ్యాహ్నం నాట్యం" అని సెక్షనులో నవ్వుకునేవాళ్ళం. చివరికి ఒక మెమో కూడా డ్రాఫ్టు చేసి పుటప్ చేశాను. "చేతులు బిగుసుకుపోతాయండీ, ఎండెక్కితే వదులవుతాయి" అన్నారావిడ. నొప్పి అయితే రోజంతా ఉండాలి గాని, గడియారం చూసుకుని వచ్చిపోతుందా అని నేను వాదించాను.

గడియారం చూసుకునే వస్తుందని నాకు 2019లో తెలిసింది. ఒకనాడు తెల్లవారి లేచేసరికి కుళాయి తిప్పలేకపోయాను. కాఫీ గ్లాసు పట్టు చిక్కలేదు. చొక్కా గుండీలు మా ఇంటావిడ పెట్టింది. పది దాటాక ఏమీ జరగనట్టే ఉంది. నెల రోజులు ఇలా గడిచాక డాక్టరు గారి దగ్గరకు వెళితే, ఆయన అడిగిన మొదటి ప్రశ్న నొప్పి ఎంత అని కాదు. "పొద్దున లేచాక వేళ్ళు వదులవడానికి ఎంతసేపు పడుతోంది?" అని. గంటన్నర అన్నాను. రక్తపరీక్షలు రాశారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేలింది.

మన వయసులో మోకాళ్ళు అరిగినవారే ఎక్కువ. ఆ బిగుతు సాధారణంగా అరగంటలోపే సడలుతుంది, నొప్పి నడిచినకొద్దీ సాయంత్రానికి పెరుగుతుంది. నాకొచ్చినది వేరు. గంటకు పైగా బిగుతు, వేళ్ళ కణుపుల్లో వాపు. ఇందులో ఒంటి రక్షణ బలగం దారి తప్పి సొంత కీళ్ళ లోపలి పొర మీదే దాడి చేస్తుంది. ఇది మగవారికంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆ సంగతి విన్నప్పుడే నాకు ఆ టైపిస్టు గుర్తుకు వచ్చారు.

మరి పొద్దునే ఎందుకు? అత్తిపత్తి మొక్క మీరందరూ చూసిందే. 1729లో డిమైరాన్ అనే ఫ్రెంచి పండితుడు దాన్ని చీకట్లో పెట్టి చూశాడు. సూర్యుడు కనబడకపోయినా వేళకు ఆకులు విప్పుకుంది, వేళకు ముడుచుకుంది. అలాంటి గడియారం మనలోనూ ఉంది. కళ్ళ నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు ఇరవై వేల నాడీకణాల గుంపు. అది హెడ్డాఫీసు అనుకోండి. లివరులో, గుండెలో, రక్షణ కణాల్లో కూడా చిన్న గడియారాలున్నాయి. అవి సబ్ ఆఫీసులు. వెలుతురు కంటపడి హెడ్డాఫీసు టైము సరిచేసుకుంటే, మిగతావి దాన్ని అనుసరిస్తాయి. ఈ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

దెబ్బ తగిలినా, క్రిమి చొరబడినా ఒళ్ళు ఎర్రబడి, వేడెక్కి, వాచి ఎదురు తిరగడాన్నే ఇన్‌ఫ్లమేషన్ అంటారు. దాన్ని ఉసిగొల్పే కబుర్లు మోసే పదార్థాల్లో ఒకటి ఇంటర్‌ల్యూకిన్-6. రాత్రి రెండో సగంలో ఇది రక్తంలో పెరుగుతుంది. దాన్ని అదుపులో పెట్టే కార్టిసాల్ మూత్రపిండాల మీది గ్రంథుల్లో తయారవుతుంది. అర్ధరాత్రి అది అడుగంటి ఉంటుంది. తెల్లవారుజామున లేచి, మనం మేలుకునే వేళకు శిఖరానికి చేరుతుంది. ఆరోగ్యవంతుడిలో ఈ తూకం సరిపోతుంది. ఈ జబ్బున్నవారిలో మొదటిది చాలా ఎత్తుకు పోతుంది, రెండోది అందుకు తగినంత పెరగదు. ఆ లోటే తెల్లవారి వేళ్ళలో కనబడుతుంది. పొద్దెక్కి అటు కార్టిసాల్ పనిచేసి, ఇటు మనం నాలుగడుగులు వేసేసరికి బిగుతు సడలుతుంది. ఆవిడ "ఎండెక్కితే" అన్న మాట అక్షరాలా నిజం.

గడియారం వాపును నడిపించడమే కాదు, వాపు కూడా గడియారం మీద చేయి చేసుకుంటుంది. టి.ఎన్.ఎఫ్. అనే మరో కబురు మోసే పదార్థం కణాల్లోని గడియారపు జన్యువులను అణచివేస్తుందని స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు 2007లో ఎలుకల మీద చూపించారు. అది ఎక్కించిన ఎలుకలు తిరగవలసిన వేళలో ముడుచుకుని పడుకున్నాయి. ఈ జబ్బులో వచ్చే నీరసానికి, పగటి మగతకు ఇది ఒక కారణం కావచ్చు. మేం దానికి బద్ధకం అని పేరు పెట్టాం.

ఇదంతా తెలిస్తే మందు వేళ కూడా ముఖ్యమని తోస్తుంది. 1997లో స్వీడనులో 26 మందికి ప్రెడ్నిసలోన్ మాత్ర కొందరికి రాత్రి రెండు గంటలకు, కొందరికి ఉదయం ఏడున్నరకు ఇచ్చి చూశారు. అర్ధరాత్రి వేసుకున్నవారికే పొద్దున సుఖంగా ఉంది. కాని రోజూ రెండింటికి అలారం పెట్టుకుని లేచేదెవరు? (మనలో కొందరం ఎలాగూ లేస్తాం, అది వేరే సంగతి.) తర్వాత, పడుకోబోయే ముందు వేసుకుంటే నాలుగు గంటలకు లోపల విడివడే మాత్ర చేశారు. జర్మనీ, పోలండుల్లో 288 మంది మీద 12 వారాలు పరీక్షించి 2008లో ఫలితం ప్రకటించారు. ఉదయపు బిగుతు సుమారు 23 శాతం తగ్గింది. అదే మందు మామూలు మాత్రగా ఉదయం వేసుకున్నవారిలో మార్పు దాదాపు లేదు.

అయ్యా, ఇది విని ఎవరూ ఇంటికెళ్ళి మాత్రల వేళలు మార్చవద్దు. స్టెరాయిడ్లతో ఆటలాడకూడదు, హఠాత్తుగా మానకూడదు. నేను వేసుకునే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మా ఇంటావిడ క్యాలెండరులో ఆ వారం చుట్టూ సున్నా చుట్టి పెడుతుంది. మీరు చేయవలసిందల్లా డాక్టరు దగ్గర "నొప్పండీ" అని ఊరుకోక, ఏ వేళకు మొదలై ఏ వేళకు సడలుతోందో వారం రోజులు కాగితం మీద రాసుకుని వెళ్ళడం. రాసి పెట్టడం మనకు చేతకాని పని కాదు గదా.

రెండేళ్ళ క్రితం లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే రోజుల్లో ట్రెజరీ ఆఫీసులో ఆవిడ కనబడ్డారు. వేళ్ళు ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాయి. వేలిముద్ర మిషను మీద ఆనక, పక్కనున్న అమ్మాయి చేయి పట్టుకుని ఒత్తుతోంది. ఆవిడకు 2003 దాకా ఈ జబ్బని ఎవరూ చెప్పలేదట. నా చేతులు చూపించాను. నాటి మెమో సంగతి ఎత్తి, తప్పు చేశానమ్మా అన్నాను.

"అప్పట్లో నాకే తెలీదు సార్, మీకేం తెలుస్తుంది" అన్నారు. కాసేపాగి, "ఆ లీవులు మటుకు మా పాప పరీక్షలకని దాచుకున్నవి" అన్నారు.

నాకు ఇచ్చిన పది నిమిషాలూ అయిపోయాయి.